గురువారపు ఉపవాసము

వేసవి సెలవులు ముగియుటకు పదిదినములు మాత్రమే మిగిలియుండగా, రాజమహేంద్రవరమున గోదావరి గట్టునకు రెండు వీథుల ఈవలనున్న ఒక పాత పెంకుటింటి అరుగుమీద, సాయంకాలము నాలుగు గంటలు మొదలుకొని దీపములు పెట్టువేళవరకు సాగిన ఒక సంవాదమును, విన్నది విన్నట్లుగా, ఇచ్చట వ్రాయుచున్నాను. మాటలాడినవారిలో ఒకరు ముప్పదేండ్లకు పైగా ఉన్నత పాఠశాలలలో తెలుగు బోధించి విశ్రాంతి గైకొన్న పండితులు. ఎనుబదియేండ్లు నిండినను, ఆనాడు గురువారము గావున తమ నియమము చొప్పున ఉదయమునుండి అన్నము ముట్టకున్నను, వారి కంఠమున తగ్గుదల లేదు. రెండవవారు వారియొద్దనే చదువుకొని, నేడు ఒక పల్లెటూరి జిల్లా పరిషత్తు ఉన్నత పాఠశాలలో తామును తెలుగే చెప్పుచున్న ఉపాధ్యాయిని. పొరుగువాడనైన నేను శ్రోతను మాత్రమే. అయినను శ్రోతకును ఒక పక్షముండుననియు, నా మనస్సు మొదటినుండియు ఆమెవైపే మొగ్గియుండెననియు ముందుగా చెప్పుకొనుట ధర్మము.

సందర్భము చిన్నది. ఆమె బడిలో తొమ్మిదవ తరగతివారికి వారమునకొక గంట పఠనమునకై కేటాయించిరి. ఆ గంటలో చదివింపదగిన పుస్తకముల పట్టిక నొకటి సిద్ధపరచి, అచ్చునకు పంపుటకు ముందు గురువుగారికి చూపవలెనని ఆమె వచ్చెను. గాంధీజీ ఆత్మకథ, ప్రకాశం పంతులుగారి ‘నా జీవిత యాత్ర’, ఆన్ ఫ్రాంక్ దినచర్య, బేబీ హాల్దార్ స్వీయకథ, అమెరికాలోని లాంగ్ బీచ్ విద్యార్థుల వ్రాతలు, మలావత్ పూర్ణ వృత్తాంతము అందులో నుండెను. తెలుగున దొరకని వానినుండి కొన్ని పుటలు తానే అనువదించి వినిపించుదునని క్రింద వ్రాసికొనెను. పండితులవారు ఆ కాగితమును కన్నులకు దగ్గరగా పెట్టుకొని రెండుమారులు చదివి, మడిచి, ప్రక్కనున్న వక్కలపెట్టె క్రింద నుంచిరి.

పండితులు — నాకు కోపము వచ్చునని భయపడుచు తెచ్చినట్లున్నావమ్మా. కోపము రాలేదు, దిగులు కలిగినది. పదునాలుగేండ్ల పిల్లవాడు ఇంటిలో చూచునది చాలదా? తండ్రి త్రాగివచ్చుట, అప్పులవాడు గుమ్మములో నిలుచుట, అక్కకు చదువు మానిపించుట, ఇదియే గదా వానికి నిత్యము జరుగు పాఠము! బడిలో గడపు ఆరు గంటలైనను వానిని ఆ బురదలోనుండి పైకెత్తి, పోతనగారి ధ్రువుని సన్నిధినో ప్రహ్లాదుని సన్నిధినో కూర్చుండబెట్టుట మన విధియనుకొని నా ఉద్యోగకాలమంతయు గడపితిని. నీవు ఉప్పుకయ్యలో దప్పిగొన్నవానికి మఱల ఉప్పునీరే పోయుదునని పట్టిక వ్రాసితివి.

ఉపాధ్యాయిని — ధ్రువుని కథ తమరు చెప్పగా విన్నదానను, మాస్టారూ. సవతితల్లి మాటకు నొచ్చుకొని ఆ పసివాడు ఏడ్చుచు కన్నతల్లి యొద్దకు పోవు ఘట్టమున తమ గొంతు తడబడుట నేటికిని నాకు జ్ఞాపకము. ఆ కథ వలదని నేననలేదు. కాని ఆ పసివానికి అడవిత్రోవలో నారదులవారు ఎదురైరి. మా ఊరినుండి కోపించి బయలుదేరిన పిల్లవానికి బస్సుస్టాండులో ఎవరెదురగుదురు? ధ్రువుడు నక్షత్రమైనందున వాని ఏడ్పుకూడ మా పిల్లలకు అంతదూరమునకు పోయినది.

పండితులు — ఆ దూరమే ఔషధము! ఐతరేయ బ్రాహ్మణమున శునశ్శేపుని కథ కలదు. అజీగర్తుడను నిరుపేదకు ముగ్గురు కొడుకులు. పెద్దవానిని తండ్రి విడువనన్నాడు, చిన్నవానిని తల్లి విడువనన్నది, నడిమివాడు నూరు గోవులకు యజ్ఞపశువుగా అమ్ముడుపోయినాడు. వానిని యూపమునకు కట్టువారు దొరకకున్న, మఱి నూరు గోవులు పుచ్చుకొని కన్నతండ్రియే కట్టినాడు. వధించువారు దొరకకున్న, మఱి నూటికి ఆ తండ్రియే కత్తి నూరుకొనుచు వచ్చినాడు. కన్నవారు అమ్ముకొన్న బిడ్డ దుఃఖము మన వాఙ్మయము ఎఱుగనిది కాదు సుమా! కాని నేనీ కథ చెప్పిన దినమున తరగతిలో ఎవ్వరును ఎవ్వరి ముఖమును తిరిగి చూడలేదు. నీవు త్రాగుబోతు కొడుకు కథ చదివిన దినమున, నలువదిమందిలో ముప్పదితొమ్మిది తలలు ఒక్క బల్లవైపు తిరుగును. ఆ బల్లమీది పిల్లవానికి నీవు చేసిన మేలేమి?

ఆమె వెంటనే బదులు చెప్పలేదు. నాకును ఏమియు తోచలేదు. పల్లెటూరి బడిలో చదివినవారికి, అట్లు తిరిగిన తలల బరువెట్టిదో వేఱుగ చెప్పనక్కఱలేదు.

ఉపాధ్యాయిని — ఆ తలలు తిరుగుట నేనును చూచితిని. చూచితిని గనుకనే లాంగ్ బీచ్ పుస్తకమును చేర్చితిని. 1994లో కాలిఫోర్నియాలోని ఆ ఊరి విల్సన్ ఉన్నత పాఠశాలలో ఎరిన్ గ్రూవెల్ అను యువతి క్రొత్తగా ఉపాధ్యాయినియై చేరెను. చదువు రానివారని తక్కినవారు వదలుకొన్న పిల్లలను ఆమెకు అప్పగించిరి. వారిలో ముఠాల కాల్పులకు స్నేహితులను పోగొట్టుకొన్నవారు పెక్కురు. ఒక జాతిపిల్లలు మఱియొక జాతిపిల్లలతో మాటలాడరు. ఒకనాడు ఒక నల్లజాతి బాలుని పెదవులను వికృతముగా చిత్రించిన కాగితము తరగతిలో చేతులు మారుచు ఆమెకు చిక్కినది. నాజీలు యూదులను చంపుటకు ముందు ఇట్లే బొమ్మలు వేసి వెక్కిరించిరని ఆమె మండిపడగా, ఆ మారణకాండ మాటయే పిల్లలు వినియుండలేదని తేలినది. అంతట ఆమె వారికి ఆన్ ఫ్రాంక్ దినచర్యను, సారయేవో యుద్ధములో చిక్కుకొన్న జ్లాటా ఫిలిపోవిచ్ అను బాలిక దినచర్యను తెచ్చి యిచ్చెను. అవి చదివిన పిల్లలు తామును వ్రాయ మొదలిడిరి. నూటయేబదిమంది వ్రాసిన ఆ వ్రాతలు 1999లో పుస్తకముగ వచ్చినవి. మాస్టారూ, ఆ పుస్తకములో వ్రాసినవారి పేర్లు లేవు. వ్రాతకొక అంకె మాత్రమే కలదు. ఏ అంకె ఎవరిదో చదువరికి తెలియదు గావున తలలు తిరుగుటకు బల్ల లేదు. నలువదిమందిలో తానొక్కడే త్రాగుబోతు కొడుకునని ఆ పిల్లవాడు లోలోపల కుములుచున్నాడు. తక్కిన ముప్పదితొమ్మిదిమందిలో ఇంకెందరు అదే కుములుచున్నారో వానికి ఎవరు చెప్పవలయును? ఒక్క కథ చదివిననే చూపులు ఒక్కనిపై పడును. పది కథలు చదివిన పిమ్మట ఎవరి చూపు వారి లోపలికే పోవును.

పండితులు — పోవునని నీ ఆశ.

ఉపాధ్యాయిని — ఆశ కాదు, మాస్టారూ. కడచిన ఏడు బేబీ హాల్దార్ కథలోని కొన్ని పుటలు చదివితిని. తల్లి విడిచిపోయినది, పదమూడేండ్లు నిండకమునుపే తనకన్న ఎంతో పెద్దవానికిచ్చి పెండ్లిచేసిరి, ఆ పసిప్రాయముననే తల్లియైనది, దెబ్బలకు తాళలేక ముగ్గురు బిడ్డలతో ఢిల్లీ రైలెక్కి, గుడ్‌గావ్‌లో ఇండ్లలో పాచిపని చేసినది. ఆమె పనిచేసిన ఇంటి యజమాని ప్రేమ్‌చంద్ మనుమడైన ప్రబోధ్ కుమార్. పుస్తకముల ధూళి తుడుచుచు నిలిచి చూచు ఆ పనిమనిషికి ఒక నోటుపుస్తకమును కలమును ఇచ్చి, నీ కథ వ్రాయుమనినాడు. ఆ వ్రాతయే ‘ఆలో ఆంధారి’. జాతీయ విద్యాపరిశోధన మండలివారు పదునొకండవ తరగతి హిందీ వాచకములో దానికి చోటిచ్చిరి. నేను చదివిన దినమున తరగతిలో చప్పుడు లేదు. గంట కొట్టిన పిమ్మట ఒక బాలిక నా బల్లయొద్దకు వచ్చి, తలవంచుకొని, “టీచర్, ఆవిడ ఈ సంగతి మొట్టమొదట ఎవరితో చెప్పింది?” అని అడిగినది. కథ బాగున్నదనలేదు, ఏడుపు వచ్చినదనలేదు. ఎవరితో చెప్పినదని మాత్రమే అడిగినది. ఆ మాఘమాసమున ఆ పిల్లకు పెండ్లి చేయ నిశ్చయించిరని అప్పుడే నాకు తెలిసినది. కష్టములోనున్న పిల్లలు ఎప్పుడైనను పిలువదగిన 1098 అను అంకె మా వరండా గోడమీద మూడేండ్లుగా వ్రాసియున్నది. ప్రతిదినమును దానిముందునుండియే నడచిపోయిన ఆ పిల్ల దానిని చూచినది ఆ సాయంకాలమున. ఇప్పుడామె పదవ తరగతికి వచ్చినది.

పండితులవారు కొంతసేపు వక్క కత్తిరించుచు ఊరకుండిరి. తరువాత వారు వేసిన ప్రశ్న ఆనాటి సంవాదమంతటిలో కఠినమైనది, న్యాయమైనది.

పండితులు — ఒక్క పిల్ల ఒడ్డున పడినది, సంతోషము. కాని నేను భయపడుచున్నది ఒడ్డున పడనివారిని గూర్చి. 2022 ఒక్క సంవత్సరముననే ఈ దేశములో బలవన్మరణము పాలైన విద్యార్థులు 13,044 మందియని ప్రభుత్వము లెక్క చెప్పినది. 2019 ఏప్రిలులో ఇంటర్మీడియట్ ఫలితములు వచ్చిన దినములలో తెలంగాణమున ఇరువదిమందికి పైగా పిల్లలు పోయిరి. అట్టి కాలమున, గాంధీగారు బాల్యమున చుట్టముల కుఱ్ఱవానితో కూడి విషపుగింజలు మ్రింగబోయిన అధ్యాయమును నీవు తొమ్మిదవ తరగతిలో చదివింతువా? జర్మనుల మహాకవి గెటే 1774లో ‘వెర్థర్’ అను నవల వ్రాయగా, దానిని చదివిన యువకులు ఆ నాయకుని త్రోవనే పోవుచున్నారన్న భయముతో లీప్జిగ్ నగరమువారు మఱుసటియేడే దానిని నిషేధించిరి. కల్పితకథకే అంత బలముండగా యథార్థకథకు ఎంత బలముండును?

ఉపాధ్యాయిని — ఈ భయము నాకును కలదు. లేదని చెప్పిన నేను ఆ తరగతిలో కాలుపెట్టుటకు తగను. కాని వెర్థర్ కథకు ప్రక్కన మఱియొక కథ కూడ కలదు, మాస్టారూ. 2010లో వియన్నా పరిశోధకులు ఆస్ట్రియా పత్రికలలో వచ్చిన ఇట్టి వార్తలను పోగుచేసి పరిశీలించిరి. చావునే పదేపదే చెప్పిన వార్తల వెంట మరణములు పెరుగుట కనబడినది. చావదలచియు చావక, ఆ గడ్డుకాలమును ఎట్లో దాటి బ్రతికిన మనుష్యుని గూర్చిన వార్తల వెంట మరణములు తగ్గుట కనబడినది. ఆ రెండవదానికి వారు పాపగేనో పేరు పెట్టిరి. 1791లో మొజార్టు కూర్చిన సంగీతనాటకములో పాపగేనో ఒక పిట్టలవాడు. ప్రియురాలు దక్కదని తలచి ప్రాణము తీసికొనబోగా, ముగ్గురు వచ్చి, నీయొద్దనున్న గంటలు మ్రోగింపరాదా యని జ్ఞాపకము చేయుదురు. ఆ ముగ్గురు పెద్దలు కారు, బాలురు.

పండితులు — బాలురా?

ఉపాధ్యాయిని — బాలురే. ఇక గాంధీజీ ఆ సంగతిని వ్రాసిన తీరు చూడుడు. చుట్టముల కుఱ్ఱవాడు తోడుకాగా దొంగచాటున పొగ త్రాగుట, పెద్దల అనుమతి లేనిదే ఏమియు చేయరాదన్న రోత, ఆ రోతతో చావవలెనను తలంపు. సంజవేళ గుడికి పోయి, దీపములో నేయి పోసి, దర్శనము చేసికొని, ఏకాంతముగా ఒక మూలకు చేరిరి. అంతలో ధైర్యము చాలలేదు. చనిపోనిచో ఏమగును? చనిపోయి మాత్రము లాభమేమి? స్వాతంత్ర్యము లేకున్నను ఓర్చుకొనరాదా? ఈ ఊగిసలాటయే అక్కడ కథ. రెండు మూడు గింజలతో ఆగి, మఱియొక గుడికి పోయి మనస్సు కుదుటపరచుకొని, ఇండ్లకు మరలిరి. ఆ వ్రాతలో చావునకు ఒక్క అలంకారము లేదు; ఆ కోరిక ఎంత చిన్న కారణమునుండి పుట్టినదో, ఎంత త్వరగా వాడిపోయినదో మాత్రమే కలదు. తమరు చెప్పిన పిల్లలకు ఆ రాత్రి కావలసినది ఇదియే గదా: ఈ తలంపు నాకొక్కనికే వచ్చినది కాదు, ఇది వచ్చి పోవునది, పోయినపిదప మనుష్యుడు ఇంటికి తిరిగిరావచ్చును అను ఎఱుక! దానిని ధ్రువోపాఖ్యానమునుండి నేను తీయలేను. నేనీ అధ్యాయమును చదివి విడిచిపెట్టను. ఆ గంట తరువాత ఇంకొక గంట మాటలాడుటకు ఉంచుకొందును, ఆ సాయంకాలము బడిలోనే ఉందును.

(ఆ గింజల పేరు వారిరువురును పలికిరి, నేను వ్రాయలేదు. చదువరి మన్నించవలెను.)

పండితులు — గాంధీగారు మహాత్ములైరి గావున వారి బాల్యపు పాట్లు మనకు పవిత్రములైనవి. అన్న అప్పు తీర్చుటకు కడియమునుండి బంగారము త్రుంచుట, పదునైదేండ్ల ప్రాయమున ఆ తప్పు చీటీమీద వ్రాసి రోగశయ్యపైనున్న తండ్రిచేతికిచ్చుట, ఆయన తన కన్నీటితో తడిసిన ఆ చీటీని చించివేయుట, ఇవన్నియు నేను తరగతిలో చెప్పినవే. ఫలము తెలిసిన చెట్టుకు పువ్వు రాలినను బాధలేదు. ఫలమే లేనివారి మాటయేమి?

ఉపాధ్యాయిని — ఆన్ ఫ్రాంక్ ఏమగుటకును కాలము చాలలేదు, మాస్టారూ. 1942 జూన్ 12న పదమూడవ పుట్టినదినమునకు ఆ పుస్తకము వచ్చినది, జూలైలో ఆంస్టర్డాము నగరమున పుస్తకముల బీరువా చాటునున్న గదులలో ఎనమండుగురిలో ఒకతెయై దాగినది, 1944 ఆగస్టు 1న చివరి పుట వ్రాసినది, 4న పట్టువడినది, మఱుసటియేడు బెర్గెన్ బెల్సెన్ నిర్బంధశిబిరములో చనిపోయినది. ఆ ఎనమండుగురిలో మిగిలినది తండ్రి యొక్కడే. అయినను మా పిల్లలు ఆ పుటలలో వెదకునది మరణమును కాదు. తల్లి తన్ను అర్థము చేసికొనదని ఆ పిల్ల వ్రాసిన కోపము చదివి, మా వెనుకబల్లలవారు ఒకరినొకరు మోచేతులతో పొడుచుకొందురు.

పండితులు — ఆ కోపమును తండ్రి 1947లో అచ్చువేయించునప్పుడు కొంత తీసివేయలేదా? దేహమును గూర్చిన మాటలను తీసివేయలేదా? అదే నేను చెప్పుచున్న విచక్షణ! కన్నతండ్రికి తోచినది నీకు తోచవలదా?

ఉపాధ్యాయిని — తీసిన భాగములను తరువాత మఱల చేర్చిరి. అయినను ఇచ్చట తమ మాటను కాదనను. పదునొకండేండ్లవానికిని పదునేడేండ్లవానికిని ఒకే పుట ఈయరాదు. ముందుగా చదివి ఏర్చుట నా పని. ఏర్చుట వేఱు, మూతవేయుట వేఱు.

ఆమె ఆ మాటను కొంచెము బిగ్గరగా పలికి, వెంటనే కన్నులు దించుకొనెను. పండితులవారు మాత్రము చిరునవ్వు నవ్విరి. నాకు తోచినదేమనగా, అప్పటివరకు పరీక్షకు నిలిచిన శిష్యురాలితో మాటలాడుచున్న ఆ వృద్ధులు ఆ క్షణమునుండి సాటి ఉపాధ్యాయినితో మాటలాడసాగిరి.

ఉపాధ్యాయిని — తమరు మాకు ప్రకాశం పంతులుగారి పాఠము చెప్పిరి. 1928లో మద్రాసున సైమను సంఘమునకు ఎదురుగా నడచి తుపాకులకు రొమ్ము చూపిన ఘట్టమది. ఈ ఊరి పురపాలక సంఘమునకు అధ్యక్షత వహించినవారు, 1953లో ఆంధ్రరాష్ట్రమునకు తొలి ముఖ్యమంత్రియైనవారు. ఆ రొమ్ము మాత్రమే పాఠములో నుండెను. కాని తమ పుస్తకములో పంతులుగారు దాచనిది ఎంత కలదు! తండ్రి పోగా తల్లి ఒంగోలులో పూటకూళ్ళ ఇల్లు నడిపినది. ఆ వృత్తిని నాటివారు ఎంత చులకనగా చూచిరో ఆయనయే చెప్పుకొనిరి. నాటకములలో వేషములు, అల్లరిమూకలతో సావాసము. ఆ దారిన చెడిపోవలసిన కుఱ్ఱవానిని ఇమ్మానేని హనుమంతరావునాయుడుగారను ఉపాధ్యాయులు చేరదీసి ఈ రాజమహేంద్రవరమునకు తెచ్చిరి. మేము ఆ రొమ్మునకు దండము పెట్టితిమి గాని, ఆ కుఱ్ఱవానిని మాకు ఎవ్వరును చూపలేదు. మా తరగతిలో వెనుకబల్లమీద ఒకడుండెడివాడు, తల్లి బండిమీద ఇడ్లీలు అమ్మెడిది. వాడు ఆ సంగతి దాచుకొనుటకై మధ్యాహ్నము ఆ వీథిన నడచెడివాడు కాడు. పంతులుగారి తల్లి సంగతి వానికి తెలిసియుండిన ఏమగునో నేను చెప్పలేను. ఆ వీథిన ఒక్కనాడైనను నడచియుండునేమో.

పండితులు — వాడు నాకును జ్ఞాపకమున్నాడు.

ఇంతే అని, వారు చాలసేపు వీథివైపు చూచుచుండిరి. ఆ పిమ్మట వేసిన ఆక్షేపణములలో మొదటి వేడి లేదు. యథార్థమని అచ్చయినదెల్ల యథార్థము కాదనియు, మత్తుమందుల పాలై నశించిన బాలిక దినచర్యయని 1971లో అమెరికాలో వెలువడి లక్షలమంది కంటతడి పెట్టించిన ‘గో ఆస్క్ ఆలిస్’ అను పుస్తకము బియాట్రిస్ స్పార్క్స్ అను పెద్దవయసు రచయిత్రి కూర్పని తరువాత తేలెననియు వారు చెప్పగా, ఆమె మాఱాడక ఒప్పుకొని, పిల్లలను భయపెట్టుటకై పెద్దలు కల్పించిన నిజమే అన్నిటికన్న చెడ్డ అబద్ధమనియు, అందుకే వ్రాసినవారెవరో లోకమెఱిగిన పుస్తకములనే పట్టికలో చేర్చితిననియు చెప్పెను. లాంగ్ బీచ్ వ్రాతలకు పేర్లు లేవుగదా యని నేను కల్పించుకోగా, పేరు దాచినవారికి పూచీగా అచ్చట ఒక ఉపాధ్యాయిని పేరున్నదని ఆమె నా నోరు మూయించెను.

పండితులు — సరే, చేర్చితివి. రెండేండ్లకు పై అధికారులు మెచ్చుకొని దీనిని వాచకములోనికి ఎక్కింతురు. అప్పుడేమగునో నేను చెప్పెదను. పాకాల గ్రామపు గిరిజన బాలిక మలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కినది ఏ దినమున? 2014 మే 25. వయస్సెంత? పదమూడేండ్ల పదునొకండు నెలలు. తోడుపోయినదెవరు? ఆనంద్ కుమార్. ఒక్కొక్కదానికి ఒక్కొక్క మార్కు. ఆ బిడ్డ భువనగిరి గుట్టమీద తొలిసారి త్రాడు పట్టుకొన్నప్పుడు ఆమె కాళ్ళు ఏమి చెప్పెనో ఎవ్వరును అడుగరు. పరీక్ష తాకినదెల్ల రాయియగును, అమ్మా. ముప్పదేండ్లు నేనే తాకించితిని.

ఉపాధ్యాయిని — అందుకే పఠనపు గంటలో పెట్టితిని గాని పాఠములలో పెట్టలేదు. ఆ గంటకు ప్రశ్నలు లేవు, మార్కులు లేవు. ఎవరైనను అడిగిన, ఆ గంటను నా ఉద్యోగమునకు ముప్పు వచ్చునంతవరకును పరీక్షకు ఈయను.

చీకటి పడుచుండెను. గోదావరివైపునుండి గాలి వీచి, వక్కలపెట్టె క్రింది కాగితము కొస రెపరెపలాడెను.

ఉపాధ్యాయిని — మాస్టారూ, ఒక్క సందేహము. శునశ్శేపుని కథ తమరు సగములో ఆపిరి. తండ్రి కత్తి నూరుకొనుచు వచ్చిన తరువాత కట్లు ఎట్లు వదలినవి?

పండితులు — దేవతలను ఒక్కొక్కరినే స్తుతించుచు పోయి, కడపట ఉషస్సును స్తుతించినాడు. ఒక్కొక్క ఋక్కు పలికినకొలదిని ఒక్కొక్క కట్టు...

వారు ఆగిపోయిరి. ఆమె ఏమియు అనలేదు. నేను ఆ ముఖమువైపు చూడలేక నేలవైపు చూచితిని.

పండితులు — ఒక్కొక్క కట్టు వదలినది. నోరు విప్పినకొలదిని వదలినది. ఎన్నిమారులు చెప్పితిని ఈ కథను!

కొంతసేపటికి వారు, మా యిరువురిలో ఎవరికిని కాక, ఎదుటి గోడకు చెప్పుచున్నట్లు, ఇట్లు చెప్పిరి.

పండితులు — నేను కోనసీమనుండి ఈ ఊరికి చదువునకు వచ్చునప్పటికి నాకు పదునాలుగేండ్లు. తండ్రి లేడు. వారములు చేసికొని చదువుకొంటిని. ఆదివారమొక యింట, సోమవారమొక యింట. ఏడు వారములకు ఆరిండ్లు దొరకినవి. గురువారము దొరకలేదు. ఆ దినమున బడి విడిచినపిదప కోటిలింగాల రేవున కూర్చుండి నీళ్ళు త్రాగెడివాడను. ఎవరైనను అడిగిన, దత్తాత్రేయులవారి ఉపవాసమని చెప్పెడివాడను. ఒకనాడు మా ఉపాధ్యాయులు తరగతియందఱిముందు నన్ను నిలువబెట్టి, ఇంత చిన్నతనమున ఇంత నిష్ఠయా యని పొగడిరి. ఆ సాయంకాలము రేవుమెట్లమీద ఎవరో మ్రొక్కుబడికి విడిచిపోయిన అరటిపండ్లు రెండు తింటిని. చూచినవారు లేరు. అది దొంగతనమో కాదో నేటికిని నాకు తెలియదు. ఉద్యోగము వచ్చి, అన్నము వచ్చి, గురువారపు ఉపవాసము మాత్రము మానలేదు. మానిన, ఎందుకు మానితివని ఎవరైనను అడుగుదురేమో యని.

ఉపాధ్యాయిని — ఇంటిలోవారికిని చెప్పలేదా?

పండితులు — లేదు. అదియు కాదు నా బాధ. నా తరగతిలోనే ఒకడుండెను. మధ్యాహ్నము కూడు తెచ్చుకొనెడివాడు కాడు. అడిగితిని. శనివారము ఉపవాసమండీ, అనినాడు. మఱియొకవారము బుధవారమున అడిగితిని. ఆనాడును ఉపవాసమే అనినాడు. నాకు తెలిసినది, అమ్మా. వాని కన్నులు చూచిన వెంటనే తెలిసినది. తెలిసియు, వానిని తరగతిముందు నిలువబెట్టి, పొగడితిని.

అంతలో వారి కోడలు లోపలనుండి దీపముతో వచ్చి, గురువారపు వాడుక చొప్పున పాలును రెండు అరటిపండ్లును ఉన్న పళ్ళెమును వారిముందు పెట్టి పోయెను. వారు పళ్ళెమును చూచిరి గాని ముట్టలేదు. వక్కలపెట్టెను ప్రక్కకు జరిపి, కాగితమును తీసి, మడత విప్పి, మోకాలిమీద చదునుచేసి, కలము కొఱకు చేయి చాచిరి. ఆమె కలమిచ్చెను. పట్టిక చివర రెండంగుళములు ఖాళీ యుండెను. ఆ ఖాళీని వారు వ్రేలితో కొలిచినట్లు తడివిరి.

పండితులు — నాలుగు పుటలు వ్రాసి యిత్తును. బడి తెఱచుటకు పదిదినములున్నవి గదా. ఆ రెండవ పిల్లవాని సంగతియు వ్రాసెదను. పేరు మాత్రము వేయకుమమ్మా. అంకె వేసిన చాలును.

ఉపాధ్యాయిని — ఏ అంకె వేయమందురు, మాస్టారూ?

పండితులు — ఆదివారమునుండి లెక్కించిన గురువారము ఐదవది. ఐదు వేయుము.